చాప వెడల్పు నేల

వీడ్కోలు సభ రేపు పొద్దున. షామియానా వేశారు, కుర్చీలకు తెల్ల గుడ్డలు తొడిగారు, బ్యాండు వాళ్ళు ఒకసారి వాయించి చూసుకున్నారు. ఈ హడావిడంతా ఎవరి కోసమో ఆ మనిషి మాత్రం షామియానాకు వీపు పెట్టి, పొలం మధ్యలో నిలబడి గడ్డి వంక చూస్తోంది.

ఆవిడ సైన్యంలో ఇంజనీరు. కల్నల్. రేపు సాయంత్రంతో ఉద్యోగం అయిపోతుంది. ఎప్పుడో ఆగిపోయిన యుద్ధమొకటి ఈ పొలాల్లో మందుపాతరలు వదిలేసి పోయింది. పాతిన వాళ్ళు చేతులు దులుపుకుని ఇళ్ళకు వెళ్ళిపోయారు, దున్నుకునే వాళ్ళు గట్టు మీదే ఆగిపోయారు. ఆ పాతరలన్నీ ఏరేసి నేలను మళ్ళీ ఊరివాళ్ళ చేతిలో పెట్టడం ఈ కల్నల్ దళం పని. ఆ అప్పగింతా ఈవిడ వీడ్కోలూ ఒకే షామియానా కింద కానిచ్చేస్తే బాగుంటుందని పైవాళ్ళకు తోచింది. పైవాళ్ళకు తోచాక ఇంకేముంది, అతిథులకు కబుర్లు వెళ్ళిపోయాయి.

ఇక గడ్డి సంగతి. పాతరలు తీసేటప్పుడు పొలంలో కొయ్య గూటాలు పాతి, వాటికి తాళ్ళు కట్టి బారుగా బాటలు చేస్తారు. ఒక్కో బాటలో ఒక్కో మనిషి. ముందు గడ్డి కోస్తాడు, తర్వాత ఇనుమును పసిగట్టే యంత్రం తిప్పుతాడు, ఆ తర్వాత మోకాళ్ళ మీద వంగి సన్నటి చువ్వతో బెత్తెడు బెత్తెడుకీ నేలను ఏటవాలుగా పొడుచుకుంటూ వెళ్తాడు. ప్లాస్టిక్కు పాతరల సంగతి యంత్రానికి వినపడదు, చువ్వకే తెలుస్తుంది. ఒక బాట అయిపోయి పక్కది మొదలుపెట్టేటప్పుడు ఈ దళం వాళ్ళు తాడును గూటాలకు లోపలివైపు కడతారు. అంటే చేసిన నేలలోనే కొంచెం మళ్ళీ చేస్తారన్నమాట. కిందటి వారం సాయానికి వచ్చిన ఇంకో దళం వాళ్ళకు బయటివైపు కట్టడం అలవాటు, వాళ్ళ గూటాలు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి వాళ్ళకది చెల్లుతుంది. ఎవరి పద్ధతి వాళ్ళకి మంచిదే. రెండూ ఒకే పొలంలో కలవకూడదు, కలిశాయి. వాగు వంపు తిరిగే మూలలో ఆ తేడా పెరిగి పెరిగి, రెండు బాటల మధ్య చాప వెడల్పు నేల ఎవరి బాటలోకీ రాకుండా మిగిలిపోయింది. అక్కడ గడ్డి మోకాలెత్తు నిలబడి ఉంది. చువ్వ పోటు ఒక్కటీ లేదు.

"సార్జెంటూ, ఇదేమిటి?"

మీసాల సార్జెంటు దగ్గరికొచ్చి చూశాడు. "గడ్డి మేడమ్."

"గడ్డేలే. ఎందుకుంది?"

అతను గూటాల వంక చూశాడు, తాడు వంక చూశాడు.  "అయ్యయ్యో" అన్నాడు మెల్లగా. ఆకాశం వంక చూసి, "ఇప్పుడు వెలుతురు చాలదు మేడమ్. రేపు సభ కాగానే మొదలుపెట్టేస్తాం" అన్నాడు.

"సభ అయ్యాక ఇది మన చేతిలో ఉండదయ్యా."

నిజమే, ఉండదు. ఈ దళంలో అప్పగింతకు ఒక పద్ధతుంది. అధికారి గట్టు మీద నిలబడి అందరికీ వినపడేట్టు "ఈ నేల శుభ్రం" అనాలి. అన్నాక ఆ చివరి నుంచి ఈ చివరికి తన కాళ్ళతో తను నడవాలి. అప్పుడే ఊరివాళ్ళు దిగుతారు. కాగితాలూ ముద్రలూ ఎన్ని చూపించినా వాళ్ళు చూసేది ఆ నోటినీ ఆ కాళ్ళనీ. రేపు ఆ మాట అనాల్సిన నోరు ఈవిడదే.

బ్రిగేడియర్ చెడ్డవాడేమీ కాదు. నిజం చెప్పాలంటే ఈ సభ కోసం పైవాళ్ళ చుట్టూ తిరిగి, ఇన్నేళ్ళు చాకిరీ చేసిన మనిషిని ఊరికే పంపించేస్తామా అని వాదించి బ్యాండు తెప్పించింది ఆయనే. అందుకే కల్నల్ ఆయన గుడారంలోకి వెళ్ళి విషయం చెప్పగానే, సొంత కూతురి పెళ్ళి ఆగిపోయినంత బాధపడ్డాడు.

"ఎంత నేల?"

"చాప వెడల్పుంటుంది సార్. పొడుగు వాగు దాకా."

"దానికోసం సభ ఆపమంటారా?"

"సభ జరగనివ్వండి. అప్పగింత ఆపండి."

"రెండూ కలిపే కదమ్మా అందర్నీ పిలిచాం! వానలకి ముందు పెద్ద యంత్రం ఈ పొలమంతా తొక్కేసింది. అక్కడేమీ లేదు. మీకూ తెలుసు, నాకూ తెలుసు."

"నాకు తెలీదు సార్. ఇందాకట్నుంచీ అదే చెప్తున్నాను."

"పోనీ, రేపు ఆ ఒక్క మాట అనేయండి. ఎల్లుండి పొద్దున్నే మనవాళ్ళు గుట్టుచప్పుడు కాకుండా ఆ ముక్క చేసేస్తారు. ఒక్క రోజులో ఎవరు నాగలి కడతారు?"

"ఇచ్చాక అది వాళ్ళ నేల సార్. వాళ్ళింట్లోకి వాళ్ళని ఎల్లుండి రమ్మని నేనెలా చెప్తాను?"

బ్రిగేడియర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మీరేం మారలేదు. పొద్దున దాకా ఆలోచించుకోండి. మీరా మాట అనకపోతే సభ ఎత్తేయడమే. షీల్డూ ఉండదు, ప్రశంస చదవడమూ ఉండదు. మళ్ళీ పెడదామన్నా రేపు సాయంత్రంతో మీరు మా మనిషి కారు" అన్నాడు. బెదిరింపుగా అనలేదు. బతిమాలుతున్నట్టే అన్నాడు. బెదిరించి ఉంటే ఆవిడకి సుఖంగా ఉండేది.

మారలేదన్నది మాత్రం అక్షరాలా నిజం. ఆవిడ తాపీ మేస్త్రి కూతురు. చిన్నప్పుడు దారానికి గుండు కట్టి తండ్రి లేపిన గోడ పక్కన వేలాడదీసి, "వంకరగా ఉంది నాన్నా" అని కూలీలందరి ముందూ అనేసింది. చెంప ఛెళ్ళుమంది. చెంప రుద్దుకుంటూ మళ్ళీ వంకరే అంది. తండ్రి కాసేపు గింజుకుని, చివరికి ఆ గోడ పడగొట్టి మళ్ళీ కట్టాడు. ఆ రోజు నుంచీ కూతురు గుండు పెట్టి చూడందే ఏ గోడకీ పూత వెయ్యలేదు.

సైన్యంలో చేరిన మొదటి రోజు, గేటు దగ్గర ఒక పెద్ద అధికారి ఈవిడని చూసి, "ఆసుపత్రి అటువైపమ్మా" అని మర్యాదగా దారి చూపించాడు. "వంతెనలు ఎటువైపు సార్?" అని అడిగింది ఈవిడ. ఆయన నీళ్ళు నమిలాడు. ఆ తర్వాత చాలామంది నమిలారు, అది వేరే సంగతి.

వంతెనలు కట్టింది. కొండచరియలు విరిగిపడ్డ దారులు తెరిచింది. గుడారాల ఊళ్ళకు మంచినీళ్ళు పట్టించింది. సైనిక ఇంజనీర్ల ఘనత అనగానే అందరూ వంతెనల బొమ్మలు వేస్తారు గానీ, ఆ ఉద్యోగంలో సగం మరుగుదొడ్లు తవ్వించడమే. ఆవిడ అవీ సంతోషంగానే తవ్వించింది. ఒకసారి వరదలో కొట్టుకుపోయిన వంతెన చోట ఇనప వంతెన వేస్తుండగా, దాన్ని ప్రారంభించడానికి ఒక పెద్దమనిషి కారు వస్తోందన్నారు. ఒక్క కీలు బిగించాల్సి ఉంది, సరైన సీల ఇంకా రాలేదు. "రంగు పూసేయండి, కనపడదు" అన్నారు. ఈవిడ మారుమాట్లాడకుండా బుల్డోజరు తెచ్చి వంతెన మొగకు అడ్డంగా పెట్టించి, తాళం చెవి జేబులో వేసుకుని భోజనానికి వెళ్ళిపోయింది. పెద్దమనిషి నిప్పులు చెరుగుతూ వెనక్కి తిరిగాడు. సీల మర్నాడు వచ్చింది, వంతెన నిలబడింది, ఈవిడకి మాత్రం ఎవరూ అడగని చోటికి బదిలీ వచ్చింది. అక్కడే మందుపాతరల పని నేర్చుకుంది. కాబట్టి శిక్ష వేసినవాళ్ళకు మనందరం రుణపడి ఉండాలి.

ఈ తిరుగుడులో పెళ్ళి ఒకటి. మొగుడు బళ్ళో లెక్కల మాస్టారు. ఎవరెన్ని సూటిపోటి మాటలన్నా నవ్వేసే రకం. కూతురు పుట్టాక ఆ పిల్లని పెంచింది అత్తగారు. నడక నేర్పింది ఆవిడే, జ్వరాలకు రాత్రుళ్ళు కూర్చుంది ఆవిడే. అది అంత తేలిగ్గా మింగుడుపడే సంగతి కాదు, అత్తగారూ మింగలేదు. "మీ కోడలేం చేస్తుందమ్మా?" అని ఇరుగుపొరుగు అడిగితే, "నేల తవ్వుకుంటుంది" అని చెప్పేది. అత్తాకోడళ్ళిద్దరూ కారాలూ మిరియాలూ నూరుకోని సెలవు ఒక్కటీ లేదు.

అలాంటి అత్తగారు మోకాళ్ళ నొప్పులతో అంత దూరం రైల్లో వచ్చింది. కొత్త బట్టలు కుట్టించుకుంది. మొదటి వరసలో కూర్చోబెడతారట అని వీధి వీధంతా చాటింపు వేసి మరీ వచ్చింది. కల్నల్ అతిథి గృహానికి చేరేసరికి ఆవిడ మంచం మీద కాళ్ళకు తైలం రాసుకుంటోంది. మాస్టారు కిటికీ దగ్గర భార్య రేపు వేసుకోవాల్సిన యూనిఫాం ఇస్త్రీ చేస్తున్నాడు.

భార్య మొహం చూడగానే ఆయన ఇస్త్రీపెట్టె నిలబెట్టేశాడు. విషయం విన్నాడు. గొంతు తగ్గించి, "ఎంత వెడల్పన్నావు?" అన్నాడు.

"చాపంత."

"అక్కడ ఏదో ఉందని అనుమానమా?"

"అనుమానమూ లేదు, నమ్మకమూ లేదు. చూడలేదు, అంతే."

"అమ్మ ఎంత ఆశపడి వచ్చిందో చూశావుగా. నీ గురించి ఇంతవరకూ ఒక్క మంచి మాట ఆవిడ చెవిన పడలేదే. రేపైనా నలుగురి నోటా వింటుందనుకున్నాను." ఆయన యూనిఫాం కాలరు సరిచేశాడు. "నీకు మాత్రం వినాలని లేదూ?"

ఉంది. ఎందుకు లేదు? బండరాయి కాదు కదా. బ్యాండు వాయిస్తుంటే నడవాలని, షీల్డు చేతికి తీసుకోవాలని, ముఖ్యంగా అత్తగారి మొహం ఆ క్షణాన ఎలా ఉంటుందో చూడాలని ఎన్నాళ్ళుగానో ఉంది. "ఉందండీ. చాలా ఉంది. అందుకే ఒళ్ళు మండిపోతోంది" అంది ఆవిడ. మాస్టారు మళ్ళీ ఇస్త్రీ మొదలుపెట్టాడు. మంచం మీద అత్తగారు తైలం సీసాకి మూత బిగించుకుంటోంది, వినిందో లేదో తెలియలేదు.

పొద్దున్న షామియానా నిండిపోయింది. అతిథులు ముందు వరసల్లో, వాళ్ళ పక్కనే మాస్టారూ అత్తగారూ. ఊరివాళ్ళు మాత్రం కుర్చీలు వద్దని గట్టు వెంబడే నిలబడ్డారు. వాళ్ళ ముందు ఒక పెద్దావిడ ఉంది. వాగు మూల పొలం ఆవిడది. ఆ పొలంలోనే ఆవిడ పెద్దకొడుకు పాదం పోయింది, ఊతకర్ర మీద తల్లి పక్కనే నిలబడ్డాడు.

బ్రిగేడియర్ మాట్లాడాడు. ఈ రోజుతో ఈ పొలం మీది అని ఊరివాళ్ళకు చెప్పాడు. చప్పట్లు. "ఇప్పుడు కల్నల్ గారు ఆ మాట అంటారు" అని మైకు ఆవిడ ముందుకు జరిపి, కళ్ళతోనే దణ్ణం పెట్టాడు.

కల్నల్ మైకు దగ్గరికి వచ్చింది. అతిథుల వంక చూడలేదు. గట్టు వైపు తిరిగింది.

"ఈ నేల శుభ్రం కాదు. వాగు పక్కన కొంచెం మిగిలింది. తప్పు మాదే. అది చేసేదాకా ఎవరూ దిగొద్దు."

కుండ బద్దలు కొట్టినట్టు చెప్పి మైకు ఆపేసింది. షామియానాలో గుసగుసలు లేచాయి. ఒక అతిథి గడియారం చూసుకున్నాడు, ఇంకొకాయన బ్రిగేడియర్ని పక్కకు పిలిచి వేలు ఆడించాడు. తర్వాత కార్లు ఒక్కొక్కటే కదిలాయి. బ్యాండు వాళ్ళు వాయించకుండానే డప్పులకు గుడ్డలు చుట్టేశారు. బల్ల మీది షీల్డును ఎవరో తీసి పెట్టెలో పెట్టేశారు. మొదటి వరసలో అత్తగారు కదలకుండా కూర్చుని కోడల్నే చూస్తోంది. ఆ చూపులో ఏముందో కోడలు చదవలేకపోయింది, చదివే ధైర్యమూ చెయ్యలేదు.

ఇస్త్రీ చేసిన యూనిఫాం మీదే గుండెకు అడ్డు కవచం కట్టుకుంది, మొహానికి అద్దం తొడుక్కుంది, వాగు మూలకు వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది.

"మేడమ్, మీరెందుకు? మేం చేస్తాంగా" అన్నాడు సార్జెంటు.

"సాయంత్రం దాకా నేను మీ కల్నల్నయ్యా. ఇంటికి పొమ్మని సాయంత్రం చెప్పు. తాడు లోపలివైపు కట్టించు."

గడ్డి కోశారు. యంత్రం తిప్పారు. అది ఒక్కచోట కూసింది. అందరూ వెనక్కి జరిగారు. కల్నల్ ఒక్కతే వంగి, వేళ్ళతో మట్టి కొంచెం కొంచెంగా తీసింది. చెమట కళ్ళలోకి కారుతోంది. చివరికి బయటపడింది ఒక తుప్పు పట్టిన మేకు. ఆ తర్వాత వాగు దాకా చువ్వతో పొడుచుకుంటూ వెళ్ళారు. ఏమీ లేదు. రాళ్ళూ వేళ్ళూ తప్ప ఏమీ లేదు.

అతిథుల్ని సాగనంపి వచ్చిన బ్రిగేడియర్ ఆ మేకును అరచేతిలో వేసుకుని చూశాడు. "దీనికోసమా కల్నల్? నేను చెప్పలేదూ, ఏమీ లేదని?"

"చెప్పారు సార్. నిన్న మీరు చెప్పారు. ఇప్పుడు నేల చెప్పింది." ఆవిడ మోకాళ్ళ మట్టి దులుపుకుంటూ లేచింది. "ఏమీ దొరక్కపోవడం నాకు నామోషీ అనుకుంటున్నారేమో. నా ఉద్యోగం మొత్తం మీద నేను కోరుకున్నది అదొక్కటే."

బ్రిగేడియర్ మేకును జేబులో వేసుకున్నాడు. 

అప్పుడావిడ గట్టు మీదకెక్కి, "ఈ నేల శుభ్రం" అని గట్టిగా అంది. దిగి, ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచింది. వాగు మూలకొచ్చి, మిగిలిపోయిన ఆ చోట బూటు మడమలతో దబదబా తొక్కింది. వెనక్కి తిరిగి చూసింది.

గట్టు మీద ఒక్కరూ కదలలేదు.

"దిగండమ్మా. అయిపోయింది" అంది కల్నల్.

పొలం గల పెద్దావిడ తల అడ్డంగా ఊపింది. "నీ కాళ్ళకి ఇది ఉద్యోగం తల్లీ. పొద్దున ఆ పెద్దాయన ఇచ్చేశాం పొమ్మన్నాడు. నువ్వు కాదన్నావు. ఇప్పుడు నువ్వే అవునంటున్నావు. రేపు ఇంకొకరొచ్చి ఇంకో మూల మిగిలిందంటే? మా ఇంట్లో ఒకడు ఇప్పటికే ఊతకర్ర మీదున్నాడు."

కల్నల్ ఆ ఊతకర్ర వంక చూసింది. నిజం చెప్పినందుకు షీల్డు పోయింది, సరేనని సరిపెట్టుకుంది. నిజం చెప్పినందుకు వీళ్ళ నమ్మకం కూడా పోతుందని మాత్రం అనుకోలేదు. వీళ్ళు దిగకపోతే ఇన్నాళ్ళ పనీ బూడిదలో పోసినట్టే, ఈ పొలం మళ్ళీ గడ్డి పాలే.  సాయంత్రం కావడానికి ఎంతో సేపు లేదు.

"ఏరా, చెయ్యందుకో."

ఆ గొంతు అత్తగారిది. ఖాళీ షామియానాలోంచి కొడుకు చెయ్యి పట్టుకుని, కుంటుకుంటూ గట్టు దగ్గరికి వచ్చింది. గట్టు మీద కొడుకు చెయ్యి వదిలించుకుంది. "నువ్వుండు" అని, కొత్త బట్టలు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని పొలంలోకి దిగింది.

"అత్తయ్యా, మీరెందుకు? మట్టి, జారుతుంది..."

"శుభ్రమన్నావా లేదా?"

"అన్నాను."

"మరి దారి తప్పుకో."

చెప్పొద్దూ, కల్నల్‌కి ఆ క్షణంలో భయమేసింది. తన కాళ్ళతో ఎన్ని పొలాలు నడిచినా ఎప్పుడూ వేయని భయం. చూసింది, తన కళ్ళతో తనే చూసింది, చేత్తో పొడిచింది. అయినా ఆ ముసలి పాదాలు ఒక్కొక్కటే పడుతుంటే ఊపిరి బిగబట్టింది. అత్తగారు మాత్రం సంతకు వెళ్తున్నంత తీరుబడిగా, మధ్య మధ్య మోకాలు రుద్దుకుంటూ, గొణుక్కుంటూ వచ్చింది.

"ఎక్కడే ఆ మిగిలిన చోటు? ఇదేనా?"

"అదే అత్తయ్యా."

అత్తగారు అక్కడ కూర్చుంది. కాళ్ళు బారచాపుకుని మరీ కూర్చుంది. గట్టు వైపు చూసి గొంతెత్తింది.

"ఇదిగో అమ్మా, నిన్నే! ఇది నా కోడలు. దీనికీ నాకూ పెళ్ళయిన నాటి నుంచీ పడదు. దీని వంట నోట పెట్టలేం. కన్నకూతురి జ్వరానికి సెలవు పెట్టి రమ్మంటే వంతెన ఉందనేది. దీన్ని నేను మెచ్చుకోగా ఎవరూ వినలేదు, కావాలంటే మావాణ్ణి అడుగు. కానీ ఇది ఉన్నది ఉందంటుంది, లేనిది లేదంటుంది. పొద్దున అంతమంది పెద్దల ముందు, తన సభలో తనే, శుభ్రం కాదంది. నీ కోసమే కదమ్మా అంది? ఆ నోటి మాటే నమ్మకపోతే ఇంకెవరి మాట నమ్ముతావు? నేను లేవలేను, మోకాళ్ళు పోయాయి. నమ్మేదాకా ఇక్కడే కూర్చుంటా."

 మాస్టారు కళ్ళు తుడుచుకుంటున్నాడు, దాచుకోవడం కూడా లేదు. కల్నల్ ఎటో చూడబోయి, చూడలేక, అత్తగారి నడినెత్తి వంకే చూస్తూ ఉండిపోయింది. 

పొలం గల పెద్దావిడ కొడుకు వంక చూసింది. కొడుకు ఆపలేదు. ఆవిడ చెప్పులు గట్టు మీద విప్పి, ఒక పాదం కింద పెట్టింది. ఆగింది. రెండోది పెట్టింది. చువ్వ పోట్లు పడ్డ మట్టిలో ఒక్కో అడుగే వేసుకుంటూ, కల్నల్ పక్క నుంచి, అటు చూడనైనా చూడకుండా, వాగు మూల దాకా వచ్చింది. కూర్చున్న ముసలావిడ మీదికి వంగింది.

"కాస్త జరుగమ్మా" అంది. "నా నేల అది."

అత్తగారు జరిగింది.